విమర్శకురాలి మాట: తీర్పా, సాక్ష్యమా?

కొత్త సినిమా విడుదలైన రోజు సాయంత్రానికే దానికి ఐదింట ఎన్ని మార్కులో తేల్చే సమీక్షలు వచ్చేస్తున్నాయి. ఆ అంకెను చూసి టికెట్టు కొనేవారూ ఉన్నారు, మానుకునేవారూ ఉన్నారు. విమర్శ అంటే అంతేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతికేవారికి, 1970వ దశకపు అమెరికన్, ఐరోపా చిత్రాలపై పాలీన్ కేల్ రాసిన సమీక్షలు మంచి పాఠం. ఆమె మార్కులు వేయలేదు. తెరపై చూసినది చెప్పి, అది తనకు ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో వాదించారు.

కోళ్ల ఫారం నుంచి న్యూయార్కర్ దాకా

కేల్ 1919లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని పెటలూమాలో జన్మించారు. పోలెండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం వారిది. తల్లిదండ్రులకు కోళ్ల ఫారం ఉండేది. ఆమె బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదివారు గానీ పట్టా పుచ్చుకోలేదు. 1950వ దశకంలో బర్కిలీలోని ఒక చిన్న థియేటరుకు చిత్రాలను ఎంపిక చేస్తూ, వాటిని ప్రేక్షకులకు పరిచయం చేసే కరపత్రాలు రాసేవారు.

1967లో ‘బానీ అండ్ క్లైడ్’ చిత్రాన్ని పేరున్న విమర్శకులు కొందరు తీవ్రంగా ఖండించారు. దానిని సమర్థిస్తూ కేల్ రాసిన సుదీర్ఘ వ్యాసం న్యూయార్కర్ వారపత్రికలో వెలువడింది. మరుసటి ఏడాది ఆమె అదే పత్రికలో సమీక్షకురాలిగా చేరారు. నడుమ కొద్దికాలం మినహా 1991 వరకు అక్కడే కొనసాగారు. ఏ చిత్రాన్నైనా ఒక్కసారే చూసి రాయడం ఆమె పద్ధతి. మొదటి స్పందనపై ఆమెకు అంత నమ్మకం.

ఆ కాలం కూడా ఆమెకు కలిసివచ్చింది. టెలివిజన్ వచ్చాక హాలీవుడ్ సంస్థలకు ప్రేక్షకులు తగ్గారు. ఏది చూపాలో, ఏది చూపకూడదో నిర్దేశించిన పాత నియమావళి 1968లో తొలగి, వయసును బట్టి చిత్రాలను వర్గీకరించే పద్ధతి వచ్చింది. దిక్కుతోచని నిర్మాతలు యువ దర్శకులకు అవకాశం ఇచ్చారు.

మెచ్చుకోలులో వివేచన

1972లో వచ్చిన ‘ది గాడ్‌ఫాదర్’కు ఆధారమైన మారియో పూజో నవలను ఆమె నాసిరకం రచనగానే భావించారు. ఆ ముడిసరుకుతోనే దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా గొప్ప చిత్రం తీశారని మెచ్చుకున్నారు. పాత నేరకథల్లో దొంగ సమాజానికి వెలుపలివాడు. వాడు పట్టుబడితే లోకం చక్కబడినట్టే. ఈ చిత్రంలో నేరం ఒక కుటుంబ వ్యాపారం. అమెరికా వ్యాపార, రాజకీయ పద్ధతులకే అది వికృతమైన కొనసాగింపు అని ఆమె వివరించారు.

ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ 1974లో తీసిన ‘లకోంబ్ లూసియెన్’ మరో ఉదాహరణ. అది 1944లో, జర్మన్ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులోని ఒక పల్లెటూరి కుర్రవాడి కథ. ప్రతిఘటన ఉద్యమంలో చేర్చుకొమ్మని అతడు ఊరి బడిపంతులును అడుగుతాడు. చిన్నవాడివని ఆయన కాదంటాడు. దారిలో సైకిలు టైరు పంక్చరవుతుంది. ఆ రాత్రి జర్మన్ల తొత్తులు మకాం వేసిన హోటలుకు చేరి, క్రమంగా వారిలో ఒకడవుతాడు. సిద్ధాంతమూ లేదు, పగా లేదు. ఆ పాత్రను నటనతో పరిచయం లేని గ్రామీణ యువకుడు పియెర్ బ్లేజ్ పోషించాడు. దర్శకుడు కారణాలు వల్లించకుండా ఆ ముఖాన్ని ఓపికగా గమనించడంలోనే చిత్రబలం ఉందని కేల్ గుర్తించారు. దుర్మార్గం రాక్షసరూపంలోనే వస్తుందనుకునేవారికి ఆ సమీక్ష ఒక హెచ్చరిక.

నిషేధం వద్దు, విమర్శ కావాలి

స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ను ఎందరో ప్రశంసించారు. కేల్ మాత్రం 1972 జనవరిలో దానిని గట్టిగా తప్పుపట్టారు. దెబ్బలు తినేవారిని ఏవగింపు కలిగేలా చూపి, కొట్టేవాణ్ణి ఆకర్షణీయంగా చూపితే, ప్రేక్షకుడికి బాధితులపై జాలి పుట్టదని ఆమె వాదన.

అక్కడే ఒక ముఖ్యమైన మాట చెప్పారు. సినిమాలోని క్రూరత్వాన్ని తప్పుపట్టినవారంతా నిషేధాన్ని కోరుతున్నట్టు కాదు. నిషేధం వద్దనుకునేవారికి మిగిలిన ఏకైక ఆయుధం, చిత్రం చేసే కీడును బహిరంగంగా చెప్పగల స్వేచ్ఛ. మన దేశంలో ఏదైనా చిత్రంపై వివాదం రేగినప్పుడు, ఆపేయాలనేవారికీ ఏమీ అనకూడదనేవారికీ నడుమ ఈ మూడో దారి ఉందని గుర్తుంచుకోవడం మంచిది.

1977 నాటి ‘స్టార్ వార్స్’ను లోకమంతా నెత్తిన పెట్టుకుంది. కేల్‌కు మాత్రం అది పిల్లల గుంపును సర్కస్‌కు తీసుకెళ్లినంత అలసట కలిగించింది. సందడే తప్ప మనసున నిలిచే భావం లేదన్నారు. 1979లో ఆమె కొన్ని నెలలు హాలీవుడ్‌లో పనిచేశారు. తిరిగి వచ్చి 1980లో రాసిన వ్యాసంలో చిత్రాల పతనానికి కారణం చెప్పారు. పేరున్న తారలుంటే టెలివిజన్ హక్కులు, విదేశీ హక్కులు ముందే అమ్ముడవుతాయి. చిత్రీకరణకు ముందే లాభం ఖాయమైతే, చిత్రం బాగుండాలన్న పట్టుదల సంస్థలకు ఉండదు.

తెరపై కనిపించనిది

బెర్నార్డో బెర్టొలూచీ తీసిన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’ 1972 అక్టోబరులో న్యూయార్క్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. సంగీతలోకాన్ని కుదిపేసిన 1913 నాటి స్ట్రవిన్స్కీ ప్రదర్శనతో కేల్ ఆ సంఘటనను పోల్చారు. పంపిణీ సంస్థ ఆ సమీక్షనే పత్రికలో ప్రకటనగా అచ్చువేయించింది.

అయితే చిత్రీకరణ నాటికి నటి మరియా ష్నైడర్ వయసు 19 ఏళ్లు. ఒక అత్యాచార సన్నివేశంలో తనకు అవమానం జరిగిందని, అందులోని వివరాన్ని చిత్రీకరణకు కాస్త ముందే చెప్పారని ఆమె 2007లో వెల్లడించారు. ఆ వివరాన్ని ఆమెకు ముందుగా తెలియనివ్వలేదని బెర్టొలూచీ కూడా 2013లో అంగీకరించారు. ఆ మాటలు 2016లో విస్తృతంగా ప్రచారమై తీవ్ర నిరసన రేపాయి. తెరపై నటనగా మెప్పు పొందిన వేదనలో కొంత నిజమైన వేదనే. 1972లో కేల్ ఎదుట ఉన్నది తెర ఒక్కటే. తెరను చూసి చెప్పిన సాక్ష్యానికి ఆ హద్దు తప్పదు.

ఆమె రచనలకూ ఎదురుదెబ్బలు తగిలాయి. రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘నాష్‌విల్’ను తుది రూపం రాకముందే చూసి 1975లో మెచ్చుకోవడాన్ని తోటి విమర్శకుడు విన్సెంట్ కాన్బీ ఆక్షేపించారు. 1980లో రెనాటా ఆడ్లర్ ఆమె పుస్తకాన్ని వరుసబెట్టి ఖండించారు. కేల్ 2001లో మరణించారు. ఆమె అభిప్రాయాలతో నేటికీ వాదించేవారున్నారు. కారణాలు చెప్పిన అభిప్రాయం గనుకనే దానితో వాదించడం వీలవుతోంది. ఒట్టి అంకెతో ఎవరు వాదించగలరు?

రెండు మూడు భాషల చిత్రాలు చూసే సరిహద్దు గ్రామాల ఇళ్లలో ఈ అలవాటు సులభంగా నేర్పవచ్చు. సినిమా చూసి వచ్చిన పిల్లలను ‘బాగుందా?’ అని అడిగి ఊరుకోకుండా, ‘ఏ సన్నివేశం చూసి అలా అనుకున్నావు?’ అని మరో ప్రశ్న వేస్తే చాలు. వారి జవాబు పెద్దలకు నచ్చకపోయినా, కారణం చెబితే చివరిదాకా వినాలి.