కవ్వాల్ అడవిలో పులి ఏల కనబడదు?

గోదావరిఖని, రామగుండం ప్రాంతమున నేలక్రింద ఒక అడవి ఉన్నది. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పూర్వము ఇచటి చిత్తడి నేలలలో పెరిగిన చెట్లు మట్టిలో పూడిపోయి, ఒత్తిడికి, వేడికి లోనై బొగ్గుగా మారినవి. సింగరేణి కార్మికులు త్రవ్వి తీయుచున్నది ఆ అడవినే. గోదావరి దాటి, మంచిర్యాల, లక్సెట్టిపేటల మీదుగా జన్నారము చేరినచో నేలపైనున్న అడవి కనబడును. అదియే కవ్వాల్ అభయారణ్యము.

సెలవు దినములలో గనుల పట్టణముల నుండి కుటుంబములు, విద్యార్థులు అచటికి పోయి, ఒక రాత్రి జన్నారములో బసచేసి, తెల్లవారుజామున సఫారీ వాహనమెక్కి అడవి చూచి వచ్చుచుందురు. పులిని చూడవలెనని పోయినవారిలో పెక్కుమంది దుప్పులను, నెమళ్ళను మాత్రమే చూచి నిరాశతో తిరిగివత్తురు. పులుల కొరకు కేటాయించిన అడవిలో పులి ఏల కనబడదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో అడవి బ్రదుకు చాలవరకు బోధపడును.

కవ్వాల్ 1965లో అభయారణ్యమైనది. 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడినది. దీని కేంద్రభాగము సుమారు 893 చదరపు కిలోమీటర్లు. చుట్టును మరి 1,120 చదరపు కిలోమీటర్లకు పైగా రక్షణవలయమున్నది. ఇంత చోటున్నను, పులికి కావలసినది చోటు మాత్రమే కాదు.

ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక పులి బ్రదుకుటకు ఏడాదికి దుప్పి అంత జంతువులు సుమారు 50 కావలెను. పులి తిన్నను మందలు తరిగిపోకుండవలెనన్న, ఉన్నవానిలో సుమారు పదవవంతు మాత్రమే ఏటేట దానికి ఆహారము కావలెను. అనగా ఒక్క పులి వెనుక దాదాపు 500 దుప్పులు, కణుజులు, అడవిపందులు వంటివి ఉండవలెను. ఆ 500 జంతువులకు గడ్డి, నీరు కావలెను. టేకుచెట్లు ఒత్తుగా పెరిగినచోట నీడవలన గడ్డి పలుచబడును. మిగిలిన గడ్డికి ఊరి పశువులు కూడ పోటీకి వచ్చును. అందుచేతనే అటవీశాఖవారు కవ్వాల్‌లో గడ్డిమైదానములు పెంచుచు, వేసవికి నీటితొట్టెలు కట్టుచున్నారు. గడ్డి పెరిగినగాని దుప్పి పెరుగదు. దుప్పి పెరిగినగాని పులి నిలువదు.

రెండవ కారణము దారి. పులిపిల్ల రెండేండ్లు నిండునప్పటికి తల్లిని విడిచి స్వంతచోటు వెదకికొనును. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో తాడోబా అడవి ఉన్నది. అచట పులులు దట్టముగా నున్నందున, పడుచు పులులు నదులు దాటి కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్ వైపు రాజూచును. ఈ త్రోవలోనే రహదారులు, కాజీపేట – బల్లార్షా రైలుమార్గము, పంటచేలు, పల్లెలు ఉన్నవి. బొగ్గుపొరలును ఈ ప్రాణహిత – గోదావరి లోయనే అనుసరించి యున్నవి. కావున బొగ్గును, పులిదారియు ఒకే నేలను పంచుకొనవలసి వచ్చినది.

ఈ పంపకము సులభమైనది కాదు. 2020 నవంబరులో ఆసిఫాబాదు జిల్లాలో పులి వాతబడి ఇద్దరు మరణించిరి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవులలో రెండు పులులు చనిపోయినవి. పశువు కళేబరమున చల్లిన విషము తిన్నందున అవి మరణించినవని విచారణలో తేలినది. పశువును పోగొట్టుకొన్న రైతుకు నష్టపరిహారము వెంటనే అందినచో, విషము జోలికి పోవలసిన అగత్యము తగ్గును. పులి కవ్వాల్ చేరుట అడవిపై ఎంత ఆధారపడియున్నదో, దారిలోని పల్లె పైనను అంతే ఆధారపడియున్నది.

అయినచో సఫారీ వ్యర్థమా? కాదు. చూడవలసిన రీతి తెలిసినచో అడవి ప్రతి దినమును పాఠము చెప్పును. జంతువులు ఎండవేళ నీడను చేరి, ఉదయ సాయంకాలములందు మేతకు వచ్చును; సఫారీ వేళలు ఆ కారణముననే ఏర్పడినవి. టేకుచెట్లు నీటిని పొదుపుచేసికొనుటకై వేసవి ముందర ఆకు రాల్చును. అప్పుడు దూరపు జంతువులు కూడ కనబడును. నీటిగుంటల వద్దకు అవి తప్పక రావలసియుండును.

చెవియొగ్గి వినుట చూచుటకన్న ముఖ్యము. చెట్టుపైని కొండముచ్చు దూరము చూడగలదు. క్రిందనున్న దుప్పి వాసన పసిగట్టగలదు. ఒకటి హెచ్చరించినచో రెండవది జాగ్రత్తపడును. ఆ కేకలు ఎడతెగక వినబడినచో చిరుతయో, మరియొక వేటజంతువో దగ్గరనున్నదని ఊహింపవచ్చును. మనకు కొట్టవచ్చినట్లు కనబడు పులి నారింజరంగు దుప్పికట్లు కనబడదు. దుప్పి కంటిలో రంగులను గుర్తించు కణములు రెండు రకములే యుండుటచే, ఎఱుపు, పచ్చల తేడా దానికి తెలియదు. పులి దానికి ఆకుల మధ్య ఆకువలెనే తోచును.

రాత్రి బసలో కూడ నేర్చుకొనదగినది కలదు. చీకటిలో దీపపు వెలుగు సోకగా కొన్ని జంతువుల కన్నులు మెరయును. వాని కంటి వెనుకభాగమున అద్దమువంటి పొర యుండి, వెలుగును వెనుకకు త్రిప్పి, చూపునకు రెండవసారి ఉపయోగపడునట్లు చేయును. కాని దీపములతో, వాద్యముల మ్రోతతో రాత్రిని పగలు చేసినచో ఆ జంతువులు దూరమగును. నిశ్శబ్దముగా నుండుట మర్యాద మాత్రమే కాదు. అది పరిశీలనకు మొదటి సాధనము.

ఉపాధ్యాయులు విద్యార్థులను తీసికొనిపోవునప్పుడు ఒక పుస్తకము వెంటనుంచుకొని, కనబడిన జంతువు, వేళ, స్థలము, అది తినుచున్నది ఏమి అను నాలుగు విషయములు వ్రాయింపవచ్చును. ఏటేట ఒకే కాలమున, ఒకే దారిలో వ్రాసిన లెక్కలను పోల్చినచో దుప్పులు పెరుగుచున్నవో, తరుగుచున్నవో కొంత తెలియవచ్చును. నేటి దుప్పుల లెక్కయే రేపటి పులికి ఆధారము.