తీగ మీది తొడుగు - ప్రాణానికి కాపలా

చిలమత్తూరు మండలంలో బోరు ఆడితేనే మల్బరీ తోట తడుస్తుంది. ఆకు ఉంటేనే పట్టుపురుగు బతుకుతుంది. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు చేరితేనే చేతికి డబ్బు వస్తుంది. వీటన్నిటికీ మొదలు కరెంటు. ఇంట్లో బల్బు, ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీ పెట్టె పనిచేసేదీ కరెంటుతోనే.

ఆ కరెంటే మనిషి ప్రాణం కూడా తీస్తుంది. అయినా రోజూ ఎంతోమంది స్విచ్చులు వేస్తున్నారు. వైర్లు ముట్టుకుంటున్నారు. మరి అందరికీ షాకు ఎందుకు కొట్టడం లేదు? కరెంటుకూ మనిషికీ మధ్య ఒక కాపలా ఉంది. ఆ కాపలా ఏమిటో, అది ఎప్పుడు చెడిపోతుందో ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి.

పారనిచ్చేవి, ఆపేవి

రాగి, అల్యూమినియం, ఇనుము వంటి లోహాల్లో కరెంటు సులువుగా పారుతుంది. రబ్బరు, ప్లాస్టిక్, పింగాణి, గాజు, అభ్రకం, ఎండిన కట్టె కరెంటును పారనివ్వవు. పొడిగాలి కూడా అంతే. ఇలాంటి వాటిని విద్యుత్ రోధకాలు అంటారు. రోధకం అంటే అడ్డుకునేది.

ఈ తేడా ఎందుకు వచ్చింది? ప్రతి వస్తువులోనూ కంటికి కనిపించని చాలా చిన్న రేణువులు ఉన్నాయి. వాటి పేరు ఎలక్ట్రాన్లు. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు బీట్లో విడిచిన మేకల్లాంటివి. ఎటు తోలితే అటు పోతాయి. అలా పోవడమే కరెంటు పారడం.

రోధకంలో ఎలక్ట్రాన్లు గుంజకు కట్టేసిన ఆవుల్లాంటివి. మేత చూపిస్తే ఆవు అటువైపు మెడ చాస్తుంది. తాడు ఉన్నంత మేరకే కదులుతుంది. గుంజ విడిచి పోలేదు. అందుకే కరెంటు పారదు. అయితే లాగే బలం మరీ ఎక్కువైతే తాడు తెగుతుంది. రోధకం కూడా అలాగే తెగుతుంది. ఒక సెంటీమీటరు గాలి సుమారు 30 వేల వోల్టుల దాకా ఆపగలదు. అది దాటితే గాలిలో కూడా నిప్పురవ్వ దూకుతుంది. ఆకాశంలో మెరుపు మెరిసేది గాలి ఇలా తెగినప్పుడే.

పుస్తకాలు కుట్టిన పిల్లవాడు

రోధకాల గుణాన్ని లోతుగా పరిశీలించినవాడు ఇంగ్లాండు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. ఆయన తండ్రి కమ్మరి. బీద ఇల్లు. పెద్ద చదువు చదవలేదు. పద్నాలుగో ఏట పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి చేరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలనే చదివి సైన్సు నేర్చుకున్నాడు.

1837లో ఆయన ఒక పరీక్ష చేశాడు. లోహపు గోళంలో ఇంకో చిన్న లోహపు గోళం పెట్టాడు. రెండింటి నడుమ గాలికి బదులు లక్క, గంధకం వంటివి నింపి చూశాడు. గాలి ఉన్నప్పటి కంటే ఎక్కువ విద్యుత్తు నిలవ ఉంది. అంటే రోధకం కరెంటును అడ్డుకోవడమే కాదు, విద్యుత్తును నిలవ ఉంచడానికీ సాయపడుతుంది.

ఫ్యానులో, మోటారులో ఉండే కండెన్సరు ఈ గుణంతోనే పనిచేస్తుంది. దాని లోపల రెండు లోహపు పొరలు ఉంటాయి. వాటి నడుమ సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కండెన్సరు పోతే ఫ్యాను మూలుగుతుంది గానీ తిరగదు. స్విచ్ ఆపిన తర్వాత కూడా కండెన్సరులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అందుకే తెలియనివాళ్లు దాన్ని ముట్టుకోరాదు.

ఎక్కడెక్కడ ఉన్నాయి?

కరెంటు స్తంభం పైకి చూడండి. తెల్లగానో, గోధుమరంగుగానో పింగాణి గిన్నెలు బోర్లించినట్టు కనిపిస్తాయి. తీగలోని కరెంటు స్తంభంలోకి దిగకుండా ఆపేవి అవే. వాన పడినా గిన్నె అడుగు భాగం తొందరగా తడవకూడదనే వాటికి ఆ ఆకారం.

పాత ఇస్త్రీ పెట్టె విప్పితే మెరిసే రేకుల్లాంటివి కనిపిస్తాయి. అవి అభ్రకం. కొందరు కాకిబంగారం అంటారు. అభ్రకం ఎర్రగా కాలే వేడిని కూడా తట్టుకుంటుంది. వేడిని పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం ప్రాంతం అభ్రకం గనులకు పేరుపడింది. అక్కడి అభ్రకం ఎన్నో దేశాలకు పోయింది.

ఇంటి వైరు మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు కూడా రోధకమే. ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. దానికీ మన చేతికీ మధ్య ఉన్నది ఆ పలుచని తొడుగే.

కాపలా ఎప్పుడు చెడుతుంది?

ఎండకు, వేడికి తొడుగు పెళుసుబారి పగులుతుంది. రేకు అంచుకు రాసుకుంటే అరిగిపోతుంది. ఎలుక కొరికితే తెగుతుంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు తడి. బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి. చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పు కలిసిన నీళ్లు కరెంటును పారనిస్తాయి. ఎండిన కట్టె కరెంటును ఆపుతుంది. అదే కట్టె తడిస్తే దాన్ని నమ్మరాదు. మనిషి చర్మం కూడా అంతే. పొడి చేయి కంటే తడి చేతికి షాకు గట్టిగా కొడుతుంది.

ఇక దండెం సంగతి. బట్టలారేయడానికి చాలామంది ఇనుప తీగ కడతారు. దాని ఒక కొస రేకుకో, సర్వీసు వైరు ఉన్న పైపుకో ముడి వేస్తారు. గాలికి వైరు ఊగి ఊగి తొడుగు అరుగుతుంది. ఒకరోజు లోపలి తీగ ఇనుముకు తగులుతుంది. అప్పుడు దండెం అంతా కరెంటే. కంటికి ఏమీ కనిపించదు. తడి చేతులతో, తడి గుడ్డతో ఇల్లాలు దాన్ని ముట్టుకుంటుంది. పల్లెల్లో ఎందరో ఆడవాళ్లు ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. దండేనికి నైలాన్ తాడు కడితే ఈ ప్రమాదం తప్పుతుంది.

గుర్తుంచుకోండి

1. దండేనికి ఇనుప తీగ వద్దు. నైలాన్ తాడు కట్టండి. దాన్ని కూడా కరెంటు పైపుకు, స్తంభానికి కట్టకండి.

2. తొడుగు పగిలిన వైరుకు కాగితమో, గుడ్డో, ప్లాస్టిక్ సంచో చుట్టి వదిలేయకండి. కొత్త వైరు వేయించండి.

3. తడి చేతులతో స్విచ్చు, మోటారు స్టార్టరు ముట్టుకోకండి. పొడి చెప్పులు వేసుకొని, పొడి నేల మీద నిలబడండి.

4. ఇంట్లో ఎవరికైనా షాకు కొడితే వాళ్లను చేత్తో పట్టి లాగకండి. మీకూ తగులుతుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఆపడానికి వీలుకాకపోతే బాగా ఎండిన కట్టెతో వైరును పక్కకు నెట్టండి. వెంటనే 108కి ఫోను చేయండి.

5. స్తంభాల మీది తీగ తెగి పడితే దగ్గరికి పోకండి. ఊళ్లోకి వచ్చే పెద్ద లైనులో 11 వేల వోల్టులు ఉంటాయి. అక్కడ ఎండు కట్టె కూడా కాపాడదు. ముప్పై అడుగుల దూరంలో ఉండండి. పిల్లలను, పశువులను పోనివ్వకండి. కరెంటు వాళ్లకు 1912కి ఫోను చేసి చెప్పండి.

ఇంట్లో వైరు ఎక్కడెక్కడ రేకును, ఇనుమును తాకుతోందో ఈరోజే చూడండి. ముట్టుకోవద్దు, కళ్లతో చూస్తే చాలు. తొడుగు చెడినట్టు కనిపిస్తే మెయిన్ స్విచ్ ఆపి, పని తెలిసినవాళ్లను పిలిపించండి. కొత్త వైరుకు అయ్యే ఖర్చు కొద్ది. అది కాపాడేది నిండు ప్రాణం.