కడుపు కడిగిన తర్వాత

రెండో నెలలోనో మూడో నెలలోనో కడుపు పోతే, కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాడల్లో ఆడవాళ్ళు 'ఆస్పత్రిలో కడిగించుకొచ్చినాం' అంటారు. మాట మెత్తంది. డి అండ్ సి లో జరిగేది కడగడం కాదు, గీకడం. గర్భసంచి మూతిని వెడల్పు చేసి, క్యూరెట్ అనే లోహపు పనిముట్టుతో లోపల మిగిలిన ముక్కల్ని గీకి తీస్తారు. ఈ పద్ధతికి కాలం చెల్లిందనీ, పీల్చి తీసే వాక్యూమ్ పద్ధతో మాత్రలో వాడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది.

ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. వచ్చినప్పుడే కులమూ కూలీ లెక్కకొస్తాయి. ముక్క మిగిలితే రక్తం ఆగదు. లోపల చీము పడితే జ్వరం, పొత్తికడుపు నొప్పి, కంపు కొట్టే తెలుపు. అరుదుగా సంచికి చిల్లి పడుతుంది. డాక్టరు 'రెస్టు తీసుకో' అంటాడు గానీ ఆ రోజుల కూలి ఎవరిస్తారు? మూడోరోజే పొగాకు చేలో దిగిన మనిషి, ఒళ్ళు కాలిపోతుంటే ఎండదెబ్బే అనుకుంటుంది. ముందే నెత్తురు తక్కువైన ఒంటికి రెండు గంటలపాటు, గంటకు రెండేసి గుడ్డలు తడిసేంత రక్తం పోవడం ప్రాణాంతకం. అప్పుడు 108కి ఫోన్ చేయాల్సిందే, తెల్లారేదాకా ఆగకూడదు.

అసలు ఎవరూ చెప్పనిది మరొకటుంది. గీకుడు లోతుగా పడితే సంచి గోడలు మచ్చకట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 1948లో దీన్ని వివరంగా రాసిన డాక్టరు పేరుతో ఆషర్‌మన్ సిండ్రోమ్ అంటారు. ముట్టు తగ్గిపోతుంది, లేదా ఆగిపోతుంది. మళ్ళీ కడుపు నిలవకపోవచ్చు. హిస్టరోస్కోపీతో ఆ అతుకుల్ని విడదీయొచ్చు. ఆ సంగతి తెలియని ఊళ్ళో ఆమె గొడ్రాలవుతుంది, మొగుడు మారుమనువుకి సిద్ధమవుతాడు.

ఇక రక్తం ఆగనామెకు 'సంచి తీసేస్తే పోతుంది' అనే సలహా సులువుగా దొరుకుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇవన్నీ డి అండ్ సి వల్లేనని కాదు. కానీ మిగిలిన ముక్కకు మందో, మరోసారి పీల్చి తీయడమో సరిపోయే చోట సంచినే కోసేయడం వైద్యం కాదు.

పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారాను తరిమారు. అదే చదువుతో ఆస్పత్రి చీటీని కూడా నిలదీయాలి: ఏ పద్ధతిలో తీశారు, రక్తమెంతుంది, గ్రూపేమిటి, మళ్ళీ ఎప్పుడు రావాలి. నెగటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజక్షను కావాలా అన్నది 72 గంటల్లోపే అడగాలి.