మధుమేహం గల స్త్రీలకు మనోచికిత్స

మధుమేహం అనగానే మనకు స్ఫురించేవి పథ్యం, మాత్రలు, రక్తపరీక్ష. ఈ మూడింటినీ పాటిస్తున్నప్పటికీ కొందరు స్త్రీలలో చక్కెర అదుపులోకి రాదు. అట్టివారి విషయంలో మనస్సు స్థితిని కూడా విచారించవలసి ఉన్నది.

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్స మూడు విధాలుగా చెప్పబడినది. అవి దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. ఆహారౌషధాలతో చేసేది యుక్తివ్యపాశ్రయం. మనస్సును హాని కలిగించే విషయాల నుండి మరల్చుట సత్త్వావజయం. మధుమేహంలో మనం ఔషధాన్ని పట్టుకొని, సత్త్వావజయాన్ని విడిచిపెట్టితిమి.

దిగులు, భయం, కోపం కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు పెరుగుతాయి. వాటి ప్రభావంతో కాలేయం గ్లూకోజును రక్తంలోకి విడుదల చేస్తుంది. ఇన్సులిన్ పని మందగిస్తుంది. పైగా కుంగిన మనస్సు గల స్త్రీ నడక మానివేస్తుంది, మందు మరచిపోతుంది. 2001లో వెలువడిన ఒక పరిశోధనా సమీక్ష ప్రకారం మధుమేహం గల పురుషులలో 18 శాతం మందిలో, స్త్రీలలో 28 శాతం మందిలో కుంగుబాటు కనబడినది.

కర్నూలు, కడప ప్రాంతాల గృహిణులకు ఈ సమస్య మరికొంత జటిలం. వానలు లేని ఏట అప్పుల చింత. కొన్ని ఇళ్లలో భర్తో, కుమారుడో కువైట్‌లో ఉంటారు. అందరికీ సంగటి వడ్డించి, తాను మాత్రం వేళ తప్పి తినుట, వ్రతమని పస్తుండుట, తన మందుల ఖర్చు ఇంటికి భారమని బాధపడుట మనం ఎరిగినవే.

ఇందుకు శాస్త్రసమ్మతమైన చికిత్సలున్నవి. “చక్కెర పెరిగింది, ఇక నా బ్రతుకు ఇంతే” అనే ఆలోచనను పరీక్షించి సరిదిద్దుట ఒక పద్ధతి. మానివేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించుట మరొకటి. సమస్యను చిన్న భాగాలుగా విడదీసి పరిష్కరించుట, శ్వాసాభ్యాసం, తోటి రోగులతో సమావేశం కూడా ఉపకరిస్తాయి.

మన దేశంలో విశాఖపట్నం, చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ నగరాల వైద్యకేంద్రాలలో ఇట్టి ప్రయత్నం జరిగినది. మధుమేహం, కుంగుబాటు రెండూ గల 404 మంది ఇందులో పాల్గొన్నారు. వారిలో సగానికి మించి స్త్రీలే. కొందరికి సాధారణ వైద్యమే అందగా, మిగిలినవారితో శిక్షణ పొందిన సహాయకులు క్రమంగా మాట్లాడుతూ, వారి స్థితిని నిపుణులకు తెలియజేసి చికిత్సను సవరింపజేసిరి. 24 నెలల తరువాత కుంగుబాటు తగ్గుటతో పాటు చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్‌లలో ఒకటైనా మెరుగుపడినవారు ఈ రెండవ వర్గంలోనే ఎక్కువ. ఈ ఫలితాలు 2020లో ప్రచురితమైనవి.

ఇంట్లో ఆచరించదగినవి:

1. ఇల్లాలు వేళకు భుజించుట కుటుంబ నియమం కావలెను.
2. ఎండ ముదరకముందే మరొకరిని తోడు తీసుకొని నడవవలెను.
3. పరీక్షలో చక్కెర ఎక్కువ వచ్చినదని ఆమెను నిందించరాదు. “ఏమి కష్టంగా ఉన్నది?” అని అడగవలెను.
4. రాత్రి పడుకొనే ముందు పది నిమిషాలు నెమ్మదిగా శ్వాస తీసుకొని విడువవలెను.

ఒక హెచ్చరిక. వణుకు, చెమట, గుండెదడ వచ్చినప్పుడు అది ఆందోళన అని ఊహించరాదు. ముందు చక్కెర పరీక్షించవలెను. 70 కంటె తక్కువ ఉన్నచో, పరీక్షకు వీలు లేకున్నను, మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మరల చూడవలెను. స్పృహ తప్పినచో నోటిలో ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మనోచికిత్స గాని, మెంతులు, కాకర వంటి గృహవైద్యం గాని మాత్రలకు, ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం కాదు.

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, నిరాసక్తత ఉన్నచో వైద్యుని సంప్రదించవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చును. బ్రతకాలని లేదని ఆమె అన్నచో క్షణమైనా ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. మనస్సుకు వైద్యం చేయించుకొనుట పిచ్చికి గుర్తు కాదు. అది మధుమేహ చికిత్సలో ఒక భాగం.