చల్లని పొగ



పొగ యనగానే మన గృహిణులకు కన్నీరు జ్ఞప్తికి వచ్చును. తడి కట్టెలు రాజుకొనక, ఊదుగొట్టముతో ఊది ఊది కన్నులు ఎఱ్ఱబడిన దినములను మన తల్లులు మఱచిపోలేదు. అట్టి పొగను కోరి తెచ్చుకొని, ఆహారమునకు పట్టించి, రుచి యని మెచ్చుకొను జనులును లోకమున నున్నారు. నేడు నేను చెప్పదలచినది ఆ పొగను గుఱించియే.

ఆహారమునకు పొగ పట్టించు పద్ధతులు రెండు. నిప్పు దగ్గఱనే పదార్థము నుంచినచో అది ఉడుకును, పొగయు పట్టును. ఇది వేడి పొగ. రెండవ పద్ధతిలో పొగ చల్లారిన పిదపనే పదార్థమును చేరును. పెట్టెలోని వేడి 30 సెంటీగ్రేడు డిగ్రీలను మించరాదు. ఇది చల్లని పొగ. దీనియందు ఎంతసేపుంచినను పదార్థము ఉడకదు, పచ్చిదిగనే యుండును. ఈ మాటను శ్రోతలు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. నా ప్రసంగమంతయు దీనిమీదనే ఆధారపడి యున్నది.

ఈ విద్యకు పేరుపడినవారు ఉత్తర సముద్రతీరవాసులు. మన తీరమున పల్లెకారులు చేపలకు ఉప్పు పట్టించి ఇసుకపై ఆరవేసినచో, మిగిలిన పని సూర్యుడే చేయును. స్కాట్లండు వంటి దేశములలో సూర్యుడు అట్లు సాయపడడు. అందుచే అచ్చటివారు పొగను ఆశ్రయించిరి. అబర్డీను నగరమునకు చేరువనున్న ఫిండన్ అను పల్లె పేరు, హాడక్ అను చేపకు పొగ పట్టించుట వలననే లోకమునకు తెలిసినది. ఆ నగరముననే 1929లో నెలకొల్పబడిన టోరీ పరిశోధనశాలవారు 1939లో ఒక క్రొత్త పొగగూటిని కల్పించిరి. అంతకు పూర్వము ఎత్తయిన గదిలో క్రింద పొట్టు రాజవేసి, పైన చేపలను వ్రేలాడదీయుచుండిరి, గాలివాటమే దిక్కు. టోరీ గూటిలో విసరు యంత్రము పొగను సమముగ నడపును. వేడియు, తేమయు మనుష్యుని అదుపులో నుండును.

ఆ నగరమున నేను ఉద్యోగరీత్యా కొన్ని యేండ్లు నివసించితిని. అచ్చటనే ఈ సరదా నాకు పట్టుకొన్నది. పెద్ద గూడు అక్కఱలేదు. నా సామగ్రి యంతయు ఒక పాత చెక్కపెట్టె, ఒక తీగెల అఱ, అరచేయి వెడల్పుగల ఒక జల్లెడ పళ్లెము. ఆ పళ్లెములో సన్నని ఇనుప వలతో చుట్టలు చుట్టలుగ గోడలు కట్టియుండును. గోడల నడుమనున్న సందులో పొడి రంపపు పొట్టు నింపి, ఒక కొసను చిన్న కొవ్వొత్తితో అంటించి, రాజుకొన్న పిదప మంట నార్పివేయవలెను. అటుపై నిప్పు ఆ చుట్టల వెంట మెల్లమెల్లగ ప్రాకును. మన అగరువత్తి, దోమల చుట్ట ఏ సూత్రముమీద కాలునో ఇదియు ఆ సూత్రముమీదనే కాలును. నూఱు గ్రాముల పొట్టు ఎనిమిది గంటలకు పైగా పొగ నిచ్చును. ఒక్కసారి కాలునది చిటికెడే గనుక పెట్టె అంతగా వేడెక్కదు. ఇందలి రహస్యమంతయు ఇదియే. గోడలపైకి పొంగునట్లు పొట్టు పోసినచో నిప్పు ప్రక్క చుట్టలోనికి దూకి, వేడియు పొగయు ఒక్కసారి విజృంభించును.

పొట్టు తడిగా నుండరాదు. ఆరిపోవును, చేదు నిచ్చును. దేవదారు వంటి జిగురు కఱ్ఱ పనికిరాదు. రంగు వేసిన కఱ్ఱ, ప్లైవుడ్డు పొట్టు విషప్రాయములు. అచ్చట ఓకు, బీచి కఱ్ఱలు వాడుదురు. మనకు ఎండిన జామకఱ్ఱ చాలును. కఱ్ఱలోని లిగ్నిన్ అను పదార్థము కాలునప్పుడు పుట్టు ఫినాలుల వలననే ఆ పరిమళము కలుగును. ఇదంతయు ఆరుబయటనే చేయవలెను. మూసిన గదిలో రాజుచుండు నిప్పు కంటికి కనబడని విషవాయువును పుట్టించును. దానివలన ప్రాణములే పోవచ్చును.

నేను మొదట చీజుతో ప్రారంభించితిని. గట్టి చీజు ముక్కను తుడిచి ఆరబెట్టి, అఱపై నుంచి, పెట్టెకు క్రింద నొకటి, పైన నొకటి రంధ్రములు తెఱచి, నాలుగు గంటలు పొగ పట్టించితిని. ఆత్రము కొలది అప్పుడే కొఱికి చూచితిని. బూడిద నాకినట్లుండెను. పాఱవేయుటకు మనసొప్పక కాగితములో చుట్టి శీతలపేటికలో మఱచితిని. రెండు వారములకు చూడగా అదియే చీజు సౌమ్యమై, లోపలివఱకు సువాసన పట్టి యుండెను. పొగకు ఓర్పు కూడ ఒక దినుసే యని ఆనాడు తెలిసికొంటిని.

ఈ చిన్న విజయము నాకు గర్వము కలిగించినది. సెలవులలో కాకినాడ వచ్చినప్పుడు మావారికి నా విద్య చూపనెంచి వంజరపు చేపను కొని, కోసి, కొంచెము ఉప్పు రాచి, రాత్రియంతయు పెరటిలో పొగ పట్టించితిని. తెల్లవాఱుసరికి ముక్కలు బంగారువన్నె తేలియుండెను. వాసనకు ఇంటిల్లిపాదియు లేచి వచ్చిరి. అప్పుడు నా చెల్లెలు ఆఱవ నెల గర్భవతి. "అన్నయ్యా, మొదటి ముక్క నాకే" యని పళ్లెము చాచినది. నేను పెట్టెలోని ఉష్ణమాపకమును చూచితిని. 31 డిగ్రీలు. రాత్రియంతయు పచ్చి చేప ఆ వెచ్చదనములో నున్నది! నా చేయి ఆగిపోయినది.

"వాసన బాగానే ఉన్నది కదరా! చెడితే తెలియదా?" అని మా అమ్మ అడిగినది. న్యాయమైన ప్రశ్నయే. కాని తెలియదు. లిస్టీరియా యను సూక్ష్మజీవి చేపలో పెరిగినను రంగు మాఱదు, కంపు కొట్టదు. అది శీతలపేటికలో సైతము పెరుగును. గర్భిణి కడుపులోని శిశువునకు ప్రాణాపాయము తెచ్చును. బోట్యులిన్ విషమును కొన్ని సూక్ష్మజీవులు గాలి చొరని చోట వాసన లేకుండగనే పుట్టించును. ఆ చేపనంతయు గోయి త్రవ్వి పూడ్చితిని. చెల్లెలు నవ్వినది, అమ్మ డబ్బు లెక్క చెప్పినది. నేను మాత్రము ఆ దినమంతయు అన్నము సరిగా తినలేకపోతిని.

మఱి పూర్వులు తిన్న పొగచేప నిలువయుండలేదా యని మీరడుగవచ్చును. ఉండెను. కాని దానిని కాపాడినది ముఖ్యముగ పొగ కాదు. నిండుగ పట్టించిన ఉప్పు, కఱ్ఱవలె ఆరిపోవునట్టి ఎండుదల. రైళ్లు, మంచుగదులు వచ్చిన పిదప జనులు మెత్తని, ఉప్పు తక్కువైన చేపను కోరిరి. కాపలాదారు వెడలిపోయెను, పేరు మాత్రము నిలిచినది. నేడు పొగ ముఖ్యముగ అలంకారము. ఉప్పును తూచి పట్టించి, నిరంతరము చల్లగా నుంచి, పురుగులు చచ్చుటకు సున్నకు క్రింద 20 డిగ్రీలలో ఏడు దినములు గడ్డకట్టించు ఏర్పాటున్నవారే చేప జోలికి పోవలెను. ఆ గడ్డకట్టుట కూడ సూక్ష్మజీవులను చంపదు. గర్భిణులకు, వృద్ధులకు అట్టి చేపను బాగుగ ఉడికించి పెట్టుటయే మేలు.

అట్లని మన యిండ్లలో ఈ విద్యకు తావు లేదని కాదు. కల్లుప్పును పలుచగా పఱచి పొగ పట్టించి చూడుడు. పప్పులో చిటికెడు వేసిన చాలును. ఎండుమిరపకాయలకు, వేయించిన వేరుశనగలకు కూడ పట్టించవచ్చును. ఇవి పొడి పదార్థములు గనుక మన ఎండలకు వెఱవవు. స్పెయిను దేశమున లా వేరా ప్రాంతపు మిరపపొడికి గల ఖ్యాతి ఓకు కఱ్ఱ పొగ వలన కలిగినదే. చీజునకు మాత్రము పుష్యమాసపు వేకువజామును ఎన్నుకొనుడు. వేడెక్కినచో అది చెమర్చి నూనె కక్కును.

ఆ సంవత్సరము చెల్లెలికి నేను పంపినది ఒక సీసాడు పొగ పట్టిన ఉప్పు. ఆమె బిడ్డ ఇప్పుడు బడికి పోవుచున్నది. ఆ ఉప్పు లేనిదే మామిడికాయ ముక్క ముట్టదు. పొగ రుచి నిచ్చును, కాపుదల నీయదు. ఈ రెంటి భేదము నెఱిగినవారు ఈ విద్యను నిర్భయముగ అనుభవింపవచ్చును.