దూడ కడుపుకు ఒక వరుస ఉంది



ఉప్పల్, నాచారం ఈనాడు పట్నంలో కలిసిపోయినవి. ఒకవైపు ఫ్యాక్టరీలు, ఒకవైపు మెట్రో రైలు. అయినా ఇండ్ల నడుమ అక్కడక్కడ గేదెల కొట్టాలు నిలిచే ఉన్నవి. నాచారంలో అటువంటి కొట్టానికి ఒకనాటి ఉదయం వెళ్లాను. తెల్లవారుజామున గేదె ఈనింది. దూడ లేచి పొదుగు వెతుక్కోబోతే గుంజకు కట్టివేశారు. ఎందుకని అడిగితే, "మాయ పడనీ సారూ, అప్పుడు ఇడుస్తం" అన్నాడు కొట్టం యజమాని. మాయ సాయంత్రానికి గాని పడలేదు. వారం తిరక్కముందే దూడకు తెల్లపారుడు పట్టుకొన్నది. "దూడలకు పారుడు మామూలే గదా" అన్నారు ఇంటివారు.

మామూలు అనుకోకూడదు. పారుడు పైకి కనబడే గుర్తు. దాని వెనుక కారణం ఉంటుంది, చాలాసార్లు అది మన చేతిలోనే ఉంటుంది.

పెద్ద గేదె వలెనే దూడకూ నాలుగు అరల పొట్ట ఉన్నది. కాని పుట్టినప్పుడు సరిగా పనిచేసేది నాలుగవ అర ఒక్కటే. దూడ పాలు చీకేటప్పుడు లోపల ఒక గాడి ముడుచుకొని గొట్టంలాగా మారి, పాలను సరాసరి నాలుగవ అరకు చేరుస్తుంది. అక్కడ పాలు విరిగి గడ్డకట్టి మెల్లగా అరుగుతవి. చాలాసేపు మాడ్చి ఒక్కసారే పట్టించినా, చల్లటి పాలో పులిసిన పాలో పోసినా ఈ పని చెడుతుంది. అరగని పాలు పేగులోకి జారి పారుడు మొదలవుతుంది.

ఇక ముర్రుపాల సంగతి. తల్లి కడుపులో ఉండగా దూడకు రోగాన్ని తట్టుకొనే శక్తి అందదు. అది ముర్రుపాల ద్వారానే రావలె. ఆ శక్తినిచ్చే పదార్థాలను పేగు ఉన్నవి ఉన్నట్లు లోనికి తీసుకొనేది మొదటి కొద్ది గంటలే. ఆరు గంటలు దాటితే బాగా తగ్గుతుంది, ఒక రోజు గడిచేసరికి ఆ తలుపు మూసుకొంటుంది. మాయ పడడానికి 8 నుండి 12 గంటలు పట్టవచ్చు. అంతదాకా ఆగితే దూడకేమి మిగిలింది? పైగా దూడ చీకితే మాయ పడడానికి సాయమే అవుతుంది. 30 కిలోల దూడకు మొదటి రోజు 3 లీటర్ల ముర్రు కావలె. సగం మొదటి రెండు గంటలలోనే పట్టండి. మిగిలినది పన్నెండు గంటలలోపల పట్టండి. తరువాత కూడా రోజుకు బరువులో పదోవంతు పాలు, రెండు మూడు సార్లుగా, వేళ తప్పకుండా ఇవ్వవలె.

రెండవ శత్రువు ఏలికపాము. మట్టి నాకని పసిదూడకు పాములెక్కడివని అడుగుతారు. తల్లి ఒంట్లో దాగిన పిల్లపాములు పాల వెంట దూడకు వస్తవి. బంకమట్టి రంగు పేడ, చెడు వాసన, ఉబ్బిన పొట్ట, మట్టి తినడం దీని గుర్తులు. పది రోజులు నిండగానే పాముల మందు, ఆపైన ఆరు నెలలదాకా నెలకొకసారి, డాక్టరు చెప్పిన మోతాదులో పట్టించండి. పేడలో నెత్తురు, జిగట కనబడితే అది వేరే జబ్బు కావచ్చును. పేడ పరీక్ష చేయించవలె.

మూసీ ఒడ్డున మురుగునీటితో పెరిగిన పారాగడ్డి దశాబ్దాలుగా ఈ చుట్టుపక్కల గేదెలకు మేత అయింది. ఆ తడిగడ్డి పసిదూడ ముందు వేయవద్దు. రెండవ వారం నుండి శుభ్రమైన లేతగడ్డి, కాస్త దూడదాణా అలవాటు చేయండి. పొట్టలోని మిగతా అరలు దానితోనే ఎదుగుతవి.

ఐరోపాలో లేతమాంసం కోసం పెంచే దూడలకు మేత పెట్టక, పాలపొడి కలిపిన నీళ్లతోనే ఇరుకు పెట్టెలలో పెంచేవారు. వాటి పొట్టలో పుండ్లు, నాకిన వెంట్రుకల ఉండలు కనబడేవి. ఎనిమిది వారాలు దాటిన దూడలను అట్లా విడి పెట్టెలలో ఉంచడం 2007 నుండి అక్కడ నిషేధం. రెండు వారాల వయసు నుండి పీచుమేత ఇచ్చి తీరవలెనని కూడా నిబంధన పెట్టారు. అక్కడ మేత లేక కష్టం, మన కొట్టాలలో పాలు లేక కష్టం. ఏ వరుస తప్పినా బాధపడేది అదే పొట్ట.

పారుడు పట్టిన దూడకు కండ్లు లోతుకు పోతవి. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోదు. అప్పుడు చంపేది ఒంట్లో నీరు పోవడమే. మందుల దుకాణంలో దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, పాల వేళలకు నడుమ కొద్దికొద్దిగా పట్టండి. ఇంటి చక్కెర పసిదూడకు సరిగా అరగదు. పాలు పూర్తిగా మాన్పించకండి. నెత్తురు పడినా, దూడ లేవలేకపోయినా ఆలస్యం చేయక పశువైద్యశాలకు చేర్చండి.

"మగదూడే గద, పాలు దండుగ" అనే మాట తరచు వింటాను. ఆకలిగొన్న మగదూడ మట్టి, పేడ నాకి పారుడు తెచ్చుకొంటుంది. అదే నేల మీద పడుకొనే పెయ్యదూడకూ అది అంటుతుంది. దూడ పోతే గేదె చేపదు. పాలు మిగిలించబోయి పాడినే పోగొట్టుకొన్నవారిని చూచాము.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. దూడకు మందు రాసేముందు, ముర్రు ఏ వేళకు తాగిందో అడగండి. రైతు సోదరులకూ ఒక మనవి. ఈసారి గేదె ఈనగానే గడియారం చూడండి. మాయ దాని వేళకు అది పడుతుంది. దూడ మాత్రం ఆగలేదు.