కదలని రోబో తిరుగుతోందని సెన్సర్ ఎందుకంటుంది? దాన్ని సరిచేయడం ఎలా?

చక్రాల రోబో సరిగ్గా 90 డిగ్రీలు మళ్లాలంటే గైరోస్కోప్ సెన్సర్ బాగా ఉపయోగపడుతుంది. ఎంపీయూ-6050 వంటి చిప్‌లో అతి చిన్న సిలికాన్ ముక్కలు నిరంతరం కంపిస్తుంటాయి. రోబో తిరిగినప్పుడు కోరియోలిస్ బలం వాటిని పక్కకు నెడుతుంది. దాన్నిబట్టి చిప్ తిరిగే వేగాన్ని చెబుతుంది. కోణం కావాలంటే ఆ వేగాన్ని క్షణక్షణమూ కూడుతూ పోవాలి. చిక్కంతా ఇక్కడే.

తయారీలోని సూక్ష్మ తేడాల వల్ల కదలని చిప్ కూడా సున్నా చూపదు. సెకనుకు అర డిగ్రీ చూపిందనుకుందాం. చూడ్డానికి చిన్నదే, కానీ నిమిషానికి 30 డిగ్రీలవుతుంది. తిన్నగా పోవాల్సిన రోబో గోడ వైపు మళ్లిపోతుంది.

అందుకే మోటార్లు ఆపి, రోబోను కదలకుండా ఉంచి, వెయ్యి రీడింగులు తీసుకుంటారు. ఒక్కో రీడింగు కాస్త ఎక్కువగానో తక్కువగానో వస్తుంది కాబట్టి సగటు కట్టాలి. సెకనుకు 250 డిగ్రీల వరకు కొలిచే పరిధిలో ఈ చిప్ సెకనుకు ఒక డిగ్రీ వేగాన్ని 131గా చూపుతుంది. సగటు 65 వస్తే దాదాపు అర డిగ్రీ తప్పన్నమాట. ఇక ప్రతి రీడింగులోంచీ 65 తీసేయాలి. కొలిచేటప్పుడు ఎవరైనా బల్లను తట్టినా లెక్క చెడుతుంది.

తర్వాత స్కేల్, అంటే సెన్సర్ చూపే కోణం నిజంగా తిరిగిన కోణంతో సరిపోతోందో లేదో చూడాలి. నేల మీద గీత గీసి, రోబోను చేత్తో పది చుట్లు తిప్పి, మళ్లీ గీతకు ఆనించాలి. మొత్తం 3600 డిగ్రీలు. సెన్సర్ లెక్క 3550 వస్తే, ఇకపై ప్రతి కొలతనూ 1.014తో గుణించాలి. ఒక్క చుట్టే తిప్పితే గీతకు ఆనించడంలో వచ్చే తేడా ఫలితాన్ని పాడుచేస్తుంది. పది చుట్లలో దాని ప్రభావం పదో వంతే.

చిప్ వేడెక్కితే సున్నా దగ్గరి తప్పు మళ్లీ మారుతుంది. కాబట్టి స్విచ్ వేసి కొన్ని నిమిషాలు ఆగి, ప్రతి పరుగుకూ ముందు సగటు కొత్తగా కట్టాలి.